బంతికి ఊపిరి పోసినవాళ్లు

ఇంగ్లండు నడిమధ్యన వార్విక్‌షైర్‌లో రగ్బీ అనే ఊరుంది. 19వ శతాబ్దం మధ్యలో ఆ ఊరి లారెన్స్ షెరిఫ్ వీధిలో, రగ్బీ స్కూలుకు ఎదురుగా, రిచర్డ్ లిండన్ అనే ఆయన బూట్ల దుకాణం నడిపేవాడు. స్కూలు పిల్లలకు ఆడుకునే బంతులు కావాలి. తోలు కోయడం, కుట్టడం తెలిసినవాడు ఎదురుగానే ఉన్నాడు. అలా బూట్ల పనికి బంతుల పని తోడైంది. తోలు పని ఆయనది. లోపల గాలి నింపే పని ఆయన భార్య రెబెకాది.

బంతికి పంపు అనేది ఇంకా పుట్టని రోజులవి. కసాయి దుకాణం నుంచి పంది మూత్రాశయం వచ్చేది. ఎండిపోతే సాగదు కాబట్టి పచ్చిగా, తడిగా ఉండగానే దాన్ని తోలు తొడుగులో దూర్చాలి. పొగ తాగే మట్టి పైపు కాడను దాని మూతిలో పెట్టి, రెండో కొస పెదాల మధ్య బిగించి, బుగ్గలు పూరించి ఊదాలి. కంపు ముక్కుకు కొడుతూనే ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగితే లోపలి గాలి వెనక్కి తన్నుతుంది. అందుకే కాడ మూతిని నాలుకతో మూసుకుంటూ ఊదాలి. నిండాక మూతి బిగించి కట్టి, తోలు నోటిని లేసుతో కుట్టేస్తే ఒక బంతి తయారు. ఆ తర్వాత ఇంకొకటి, దాని తర్వాత ఇంకొకటి.

ఇలాంటి సంచీకి తెలుగులో తిత్తి అని పేరు. కమ్మరి కొలిమికి గాలి ఇచ్చేది కొలిమితిత్తి. తోలుబొమ్మలాటల్లో శ్రుతి కోసం ఊదే మేకతోలు వాద్యం పేరు కూడా తిత్తే. మనిషి ఛాతీలో ఉన్నవి ఊపిరితిత్తులు. రెబెకా రోజూ చేసిన పని ఒక తిత్తిలోని గాలిని ఇంకో తిత్తిలోకి పోయడం. బంతి చరిత్ర రాసేవాళ్లు ఆటగాళ్ల పేర్లు, కప్పుల పేర్లు రాస్తారు. బంతి లోపలికి గాలి ఎలా వెళ్లింది, వెళ్లిన గాలి ఎలా నిలిచింది అని అడిగితే కథ ఈ దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

తిత్తి బంతి రగ్బీ ఊరు కనిపెట్టింది కాదు. స్కాట్లండులోని స్టిర్లింగ్ కోటలో, రాణి గది పైకప్పు దూలాల మధ్య దొరికిన ఒక చిన్న బంతి 1540ల నాటిదని లెక్క కట్టారు. పైన తోలు, లోపల పంది తిత్తి. మూడు వందల ఏళ్ల తర్వాత లిండన్ చేసినదీ అదే. ఆ ఊళ్లోనే బూట్లు కుట్టే ఇంకో కుటుంబం, విలియం గిల్బర్ట్‌ది, బంతుల్లో అంతకన్నా ముందే పేరు తెచ్చుకుంది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు గిల్బర్ట్ బంతి వెళ్లింది. ఆయన అన్నదమ్ముల కొడుకు జేమ్స్‌కు ఊరంతటా పేరున్నది ఊపిరి బలం వల్లే. మ్యాచ్ బంతులు ఎంత పెద్దవైనా నోటితోనే గట్టిగా ఊదగలిగేవాడట. ఒక మనిషి ఊపిరి ఒక దుకాణానికి పెట్టుబడి అయిన కాలం అది.

ఆ పెట్టుబడికి ఒక హద్దు ఉంది. ఎంత బలమైన మనిషైనా శక్తికొద్దీ ఊదితే అతని ఛాతీ పుట్టించగల అదనపు పీడనం వాతావరణ పీడనంలో పదో వంతు, మహా అయితే అయిదో వంతు. ఈనాటి ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం బంతిలో ఉండాల్సింది 0.6 నుంచి 1.1 వాతావరణాలు. అంటే రెబెకా, జేమ్స్ ఊదిన బంతి ఈనాటి బంతి పక్కన మెత్తటి దిండు. తన్నితే కాలి వేళ్ల చుట్టూ అణిగి, అణిగినంత వేగంగా తిరిగి లేవదు. పైగా దాని ఆకారం దర్జీ కొలిచింది కాదు, పంది ఇచ్చింది. ఏ తిత్తి ఎంత పొడుగుంటే ఆ బంతి అంత పొడుగు. రగ్బీ బంతి కోలగా ఉండడానికి మొదటి కారణం అదే.

గాలి ఎందుకు వెనక్కి తన్నుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం అప్పటికి రెండు వందల ఏళ్ల కిందే వచ్చింది. రాబర్ట్ బాయిల్ 1660లో అచ్చువేసిన పుస్తకంలో గాలికి స్ప్రింగు గుణం ఉందన్నాడు. 1662లో దానికి లెక్క చూపించాడు: వేడి మారకుండా గాలిని సగం చోటులోకి నొక్కితే పీడనం రెట్టింపవుతుంది. బంతిలో జరిగేది ఇదే. చోటు పెరగదు, గాలి పెరుగుతుంది. కంటికి కనబడని అణువులు లోపలి గోడను ఎడతెగకుండా కొడుతుంటాయి. వాటి సంఖ్య పెరిగేకొద్దీ దెబ్బలు పెరుగుతాయి. ఆ దెబ్బల మొత్తాన్నే మనం బిగువు అంటాం.

ఒక మామూలు ఫుట్‌బాల్ లోపలి చోటు దాదాపు ఐదున్నర లీటర్లు. దాన్ని 0.8 వాతావరణాల బిగువుకు నింపితే పది లీటర్ల గాలి అందులో ఇమిడినట్టు. ఆ గాలంతా తూస్తే 12 గ్రాములు. బంతి బరువు 410 నుంచి 450 గ్రాములని నిబంధన. ఆ బరువులో ముప్పై అయిదో వంతు ఉన్న గాలి బంతి లోపలి గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 800 గ్రాముల చొప్పున నెడుతుంది. బంతి ఒంటి మీద 1,500 చదరపు సెంటీమీటర్లుంటాయి. అన్నీ కలిపితే 1,200 కిలోలు. అరచేతిలో ఎత్తుకోగల వస్తువులో టన్నుకు పైగా తోపు ఉందన్నమాట.

రెబెకా ఆ పని మానలేదు, మానే వీలూ లేదేమో. ఆ ఇంట పదిహేడు మంది పిల్లలని చెబుతారు. రోగం పట్టిన పందుల తిత్తులు కూడా ఆమె నోటి దాకా వచ్చి ఉంటాయి. చివరకు ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె చనిపోయింది. ఆ జబ్బు తిత్తులు ఊదడం వల్లే సోకిందని ఆ ఊరి బంతి చరిత్ర చెబుతుంది. ఆటల చరిత్రలో ఆటస్థలంలో పడ్డవాళ్ల లెక్కలు చాలా ఉన్నాయి. బంతి తయారీలో పోయిన ప్రాణం గురించి అంతగా ఎవరూ రాయలేదు. ఈ కథలో ఆమె పేరు ముందు రావాలని ఈ వ్యాసం నమ్మకం.

లిండన్ పంది తిత్తికి ప్రత్యామ్నాయం వెతికాడు. దారి అప్పటికే సగం పడి ఉంది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఎండకు జిగురుగా కారకుండా, చలికి పెళుసెక్కకుండా నిలబడుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టి, 1844లో పేటెంటు తీసుకున్నాడు. 1862 ప్రాంతంలో లిండన్ అలాంటి రబ్బరుతో తిత్తి, అంటే బ్లాడర్, చేశాడు. కంపు పోయింది, రోగభయం పోయింది. కొత్త చిక్కు వచ్చింది. రబ్బరు బ్లాడర్ పంది తిత్తి కంటే బిరుసు, నోటి ఊపిరికి లొంగలేదు. అప్పట్లో వైద్యులు చెవిలో నీళ్లు చిమ్మడానికి వాడే చిన్న పిచికారీ ఆయన కంటబడింది. దాన్నే పెద్దగా, ఇత్తడితో చేయించాడు. బంతికి గాలి కొట్టే పంపు అలా పుట్టింది.

ఆ పంపుతో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. మనిషి ఛాతీ పెట్టిన హద్దు తొలగింది. బంతి ఆకారం పంది చేతిలోంచి మనిషి చేతిలోకి వచ్చింది. గుండ్రంగా కావాలంటే గుండ్రంగా, కోలగా కావాలంటే కోలగా చేయొచ్చు. 1872లో ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ బంతి చుట్టుకొలత 27 నుంచి 28 అంగుళాలుండాలని రాసుకోగలిగింది. పంది తిత్తుల కాలంలో ఇంత బిగువైన నిబంధన పెట్టినా ఎవరూ పాటించలేకపోయేవారు. రగ్బీవాళ్లు తమ కోల ఆకారాన్ని వదులుకోలేదు, 1892లో దానికి కొలతలు ఖాయం చేశారు. ఇంత చేసిన లిండన్ బంతికి గానీ, బ్లాడర్‌కు గానీ, పంపుకు గానీ పేటెంటు తీసుకోలేదు. 1887లో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత ప్రపంచం బంతుల మీద చూసింది గిల్బర్ట్ పేరే.

గాలి లోపలికి పోయే దారి మాత్రం ఇంకా మొరటుగానే ఉండిపోయింది. బ్లాడర్‌కు ఒక గొట్టం తోక ఉండేది. తోలులో కోసిన నోటి గుండా ఆ తోకను బయటికి లాగి, గాలి కొట్టి, మడిచి, దారంతో కట్టి, మళ్లీ లోపలికి తోసి, పైన లేసు బిగించాలి. తోక ఉన్నచోట బంతి ఉబ్బుగా ఉండేది. లేసు గట్టిగా, ముడులతో, వానకు తడిస్తే ఇంకా గట్టిగా తయారయ్యేది. హెడ్ చేయబోయిన ఆటగాడి నుదుటికి ఆ వైపు తగిలితే చర్మం చీరేది. కొందరు ఆటగాళ్లు తలకు టోపీలు, గుడ్డలు కట్టుకుని దిగేవారు.

తోలు నీళ్లు తాగేది. వానలో మొదలైన ఆట ముగిసేసరికి బంతి మొదలుపెట్టినప్పటి బరువుకు చాలా దూరం వెళ్లిపోయేది. ఆ బరువు బూటు వేసుకున్న కాలికి ఒక రకంగా, వట్టి పాదానికి ఇంకో రకంగా తెలుస్తుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద ఆడిన భారత జట్టులో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడి, 2-1తో ఓడారు. 1952లో హెల్సింకీ వెళ్లిన జట్టుకు కోచ్ హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి తర్వాతే మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే రహీమ్ 1956లో మెల్‌బోర్న్‌లో జట్టును నాలుగో స్థానం దాకా నడిపించాడు.

లేసు బంతి కాలంలోనే ఒక ప్రసిద్ధమైన తగాదా నడిచింది. 1930 జులై 30న మాంటెవీడియోలో మొదటి ప్రపంచ కప్ ఫైనల్. అర్జెంటీనా తన బంతితోనే ఆడతానంది, ఉరుగ్వే తన బంతితోనే ఆడతానంది. మొదటి సగం అర్జెంటీనా బంతి, రెండో సగం ఉరుగ్వే బంతి అని తేల్చారు. సగం ఆటకు అర్జెంటీనా 2-1తో ముందుంది. ఆట ముగిసేసరికి ఉరుగ్వే 4-2తో గెలిచింది. గెలుపు బంతి వల్లనే అనడానికి వీల్లేదు. కానీ ఆడేవాళ్లకు తమ బంతి బరువు, బిగువు, ఎగురుడు ఒంట్లో ఎంతగా ఇంకిపోతాయో ఆ పట్టుదల చెబుతుంది.

మరుసటి ఏడాదే, ఓడిన దేశంలోనే, లేసుకు విరుగుడు దొరికింది. అర్జెంటీనాలోని కోర్దోబా ప్రాంతంలో బెల్ విల్ అనే పట్టణం. తొస్సొలీనీ, వల్బొనేసీ, పోలో అనే ముగ్గురు అక్కడ లేసు లేని బంతి తయారుచేసి 1931లో పేటెంటు తీసుకున్నారు. దానికి సూపర్‌బాల్ అని పేరుపెట్టారు. గొట్టం తోక బదులు బ్లాడర్‌కే ఒక చిన్న వాల్వు. తోలులో సన్నటి రంధ్రం చాలు, పిన్ను గుచ్చి గాలి కొట్టడమే.

వాల్వులోని తెలివి చూడముచ్చటగా ఉంటుంది. ఈనాటి బంతుల్లో అది మెత్తటి రబ్బరు బిరడా, మధ్యలో సన్నటి చీలిక. పిన్ను దూరితే చీలిక తెరుచుకుంటుంది. పిన్ను బయటికి రాగానే లోపలి గాలే ఆ రబ్బరు పెదాలను అన్ని వైపుల నుంచీ నొక్కి మూసేస్తుంది. గాలి పారిపోవాలని ఎంత తోస్తే తలుపు అంత గట్టిగా పడుతుంది. రెబెకా నాలుకతో చేసిన పనిని ఇక్కడ గాలి తనకు తానే చేసుకుంటుంది. మన ఊళ్లలో సైకిల్ షాపతను బంతికి గాలి కొట్టేముందు పిన్నును నాలుకతో తడుపుతాడు. ఆ తడి లేకపోతే రబ్బరు పెదవి చిరుగుతుంది, తలుపు ఇక సరిగ్గా పడదు. కొట్టాక బొటనవేళ్లతో బంతిని నొక్కి చూస్తాడు, ఆ వేళ్లే అతని గేజు.

ఆ గేజు ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. బంతిలో 0.8 వాతావరణాలు అంటే బయటి గాలి కంటే అంత ఎక్కువ అని. లోపల నిజంగా ఉన్నది 1.8. బయటి గాలి మారితే లోపల ఏమీ మారకపోయినా బిగువు మారుతుంది. బొలీవియా ప్రభుత్వం కొలువున్న లా పాజ్‌లో ఆటస్థలం సముద్ర మట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం సముద్ర తీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. తీరంలో 0.8కి నింపిన బంతిని అక్కడికి తీసుకెళితే గేజు 1.15 దగ్గర నిలుస్తుంది, నిబంధన హద్దు దాటిపోతుంది. అందుకే నిబంధనలో ఆ అంకెల పక్కన సముద్ర మట్టం మాట ఉంటుంది.

వేడి కూడా అంతే. ఆదిలాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 0.8కి నింపిన బంతిని రాత్రి ఆరుబయట వదిలేస్తే, తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో అది 0.68కి పడిపోతుంది. ఒక్క చుక్క గాలి కూడా కారలేదు. చలికి అణువులు నెమ్మదించాయి, దెబ్బల జోరు తగ్గింది. మధ్యాహ్నానికి బంతి తనంతట తనే బిగుస్తుంది. 2015 జనవరి 18న అమెరికన్ ఫుట్‌బాల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, ఇండియానాపోలిస్ కోల్ట్స్ ఆడిన మ్యాచ్ తర్వాత ఈ లెక్కే కోర్టుకెక్కింది. నిబంధన చదరపు అంగుళానికి కనీసం 12.5 పౌండ్ల పీడనం అడిగింది. సగం ఆటలో కొలిస్తే పేట్రియట్స్ బంతులు అంతకు తక్కువ చూపించాయి. క్లబ్‌కు పది లక్షల డాలర్ల జరిమానా, ఆటగాడు టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. గది వెచ్చదనంలో 12.5కి నింపిన బంతిని 9 డిగ్రీల చలిలోకి తెస్తే ఎవరూ ముట్టుకోకుండానే 11.3 దగ్గరికి దిగుతుంది. కొలతల్లో ఎంత భాగం చలిది, ఎంత భాగం చేతివాటం అన్న వాదనలో భౌతికశాస్త్ర ఆచార్యులు కూడా కోర్టుకు తమ మాట రాసి పంపారు.

ప్రతి ఆటకూ తన గాలి తనది. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు వాడింది ఫుట్‌బాలే. 1895లో విలియం మోర్గాన్ వాలీబాల్ కనిపెడితే బాస్కెట్‌బాల్ చేతులకు బరువైంది, దాని బ్లాడర్ ఒక్కటే తీసి ఆడితే మరీ తేలికై గాల్లో తేలింది. దానికోసం విడిగా బంతి చేయించాల్సి వచ్చింది. ఈనాడు వాలీబాల్ పీడనం చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు, 0.8కి నింపిన ఫుట్‌బాల్‌లో సగం కూడా ఉండదు. మోచేతి కింది చర్మం మీద గంటసేపు దెబ్బలు పడాల్సిన ఆట అది.

గాలిని లోపలికి పంపడం ఇత్తడి పంపుతో తీరింది, బయటికి రానివ్వకపోవడం వాల్వుతో తీరింది. ఆ టన్నుకు పైగా ఉన్న తోపును పట్టి ఉంచే పని మాత్రం చాలాకాలం దారం మీదే ఉంది. 0.8 వాతావరణాల దగ్గర బంతి కుట్టులో ప్రతి సెంటీమీటరునూ దాదాపు నాలుగున్నర కిలోల బలం రెండు వైపులా లాగుతుంది. 1946లో లండన్‌లో డెర్బీ కౌంటీ, చార్ల్టన్ ఆడిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో బంతి పగిలిపోయింది. మరుసటి ఏడాది ఫైనల్‌లో మళ్లీ పగిలింది. యుద్ధం ముగిసిన కొత్తలో మంచి తోలు దొరకని రోజులవి.

ఆ కుట్టు పనికి ప్రపంచంలో పేరున్న ఊరు పాకిస్తాన్ పంజాబ్‌లోని సియాల్‌కోట్. బ్రిటిష్ పాలనలోనే అక్కడ ఆటవస్తువుల పరిశ్రమ నిలదొక్కుకుంది. 1947 విభజన వేళ అక్కడి నుంచి వచ్చిన పనివాళ్లు జలంధర్, మీరట్‌లలో కొత్తగా దుకాణాలు పెట్టుకున్నారు. మన బడుల్లో పిల్లలు తన్నే బంతుల మీద ఈ రెండు ఊళ్ల పేర్లు తరచూ కనబడేది అందుకే. 1990లలో సియాల్‌కోట్ పల్లెల్లో చిన్నపిల్లలు బంతులు కుడుతున్నారన్న సంగతి ప్రపంచానికి తెలిసింది. 1997 ఫిబ్రవరిలో అట్లాంటాలో అక్కడి వర్తక మండలి, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి పిల్లలను ఆ పని నుంచి తప్పించే ఒప్పందం చేసుకున్నాయి. గాలి నింపిన నోరు ఒకప్పుడు రెబెకాది. గాలిని ఆపిన వేళ్లు ఇక్కడ ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలవి. 2014 ప్రపంచ కప్ బంతి బ్రజూకా కూడా సియాల్‌కోట్ నుంచే వచ్చింది, అయితే దాని ఆరు ముక్కలను దారం కలపలేదు, వేడితో అతికించారు.

చేత్తో కుట్టే బంతులు ఇప్పటికీ ఉన్నాయి. ఆరు కోణాల ముక్కలు ఇరవై, అయిదు కోణాల ముక్కలు పన్నెండు, వాటి మధ్య తొంభై అంచులు. కుట్టేవాళ్లు బల్ల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య చెక్క బిగింపులో రెండు ముక్కలు పట్టి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు వేసి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా లాగుతారు. బంతి అంతా లోపలి వైపు బయటికి పెట్టి కుడతారు. చివర్లో కొంత నోరు మిగిల్చి, దాన్ని తిరగేసి, బ్లాడర్‌ను లోపల సర్దుతారు. మిగిలిన ఆ చివరి అంచు అన్నిటికన్నా కష్టం. ముడి బయటికి కనబడకూడదు, సూది కొస బ్లాడర్‌కు తగలకూడదు. దారం కొసను లోపలికి లాగి తెంపాక బంతి ఇంకా ముడతలు పడిన సంచీలాగే ఉంటుంది. అప్పుడు పిన్ను తడిపి, వాల్వులో గుచ్చి, మొదటిసారి గాలి కొడతారు. ముడతలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, ముక్కలు గుండ్రనవుతాయి, తొంభై అంచుల మీద దారం ఒక్కసారి బిగుస్తుంది. కుట్టిన మనిషి బంతిని చెవి దగ్గర పెట్టుకుని, ఎక్కడైనా బుసమంటోందా అని వింటాడు.